పలక మీద మేడ్చల్ చరిత్ర

ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానమైతే, వంద కల్దార్లకు ఎన్ని హాలీలు ఇచ్చుకోవాలి? జవాబు: నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. ఇప్పటి నాలుగో తరగతి పిల్లల ముందు ఈ లెక్క పెడితే, హాలీ అంటే ఏంది సార్ అని ముందుగా అడుగుతారు. నిజాం కాలంలో మేడ్చల్‌లో పలక పట్టిన పిల్లవాడికి ఆ సందేహం వచ్చేది కాదు. ఊళ్లో చెల్లేది నిజాం సర్కారు టంకశాలలో అచ్చయిన హాలీ సిక్కా. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో లష్కర్, అంటే సికింద్రాబాదు కంటోన్మెంటు. అక్కడ ఇంగ్లిషు పటాలాల చేతుల్లో తిరిగేది కల్దార్. లష్కర్‌లో కూరగాయల గంప దించి వచ్చే ఇంటి పెద్దకు ఈ మారకం నోటి మీద ఉండాల్సిందే.

ఊరి బడిలో పిల్లలు ఏడాది పొడవునా ఏం చదివారు, ఏం చేశారు అని ఆరా తీస్తే, ఆ ఊరిని ఎవరు ఏలారో, ఎవరి కొలతలు చెల్లాయో, బడి గడప ఎవరిని తొక్కనిచ్చారో బయటపడుతుంది. మేడ్చల్, పొరుగునున్న శామీర్‌పేటల విషయంలో ఇది మరీ నిజం. ఎందుకంటే ఇక్కడి జనం ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాల వాళ్లయ్యారు.

నిజాం రాజ్యంలో హైదరాబాదు నగరం చుట్టూ పరచుకున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో మేడ్చల్ ఒక తాలూకా. ఆ జిల్లా సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన ఇలాకా. 1899-1901 మధ్య సికింద్రాబాదు నుంచి మన్మాడ్‌కు వేసిన మీటరు గేజి రైలు దారి మేడ్చల్ మీదుగా వెళ్లింది. శామీర్‌పేటకు కరీంనగర్ బాట, పెద్ద చెరువు మిగిలాయి. 1949లో సర్ఫెఖాస్ రద్దయి, ఈ పల్లెలన్నీ హైదరాబాదు జిల్లాలో చేరాయి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా పుట్టింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేటు శామీర్‌పేట పక్కన అంతాయిపల్లిలో కట్టిన కొత్త భవనాల్లోకి మారింది. ప్రతి మార్పుతోనూ బడి బోర్డు మీది అక్షరాలు మారాయి. చాలాసార్లు లోపలి పాఠమూ మారింది.

ఇసుక, బియ్యం, బెత్తం

సర్కారు బడి రాకముందు ఉన్నది పంతులు అరుగు మీద నడిపే వీధి బడి. తెలుగు నాట అది ఎలా సాగేదో కళ్లకు కట్టేలా రాసిపెట్టిన వాడు ఒక ఇంగ్లిషు దొర. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తన జిల్లా బడులను వర్ణించాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోదే కాబట్టి ఆ బడుల్లో తెలుగు బడులు చాలానే ఉన్నాయి.

ఆయన చెప్పిన ప్రకారం, బిడ్డకు అయిదో ఏడు రాగానే పంతులునూ, బడి పిల్లలందరినీ ఇంటికి పిలిచేవారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ పిల్లలు కూర్చుంటే, కొత్త పిల్లవాణ్ణి ప్రతిమకు ఎదురుగా కూర్చోబెట్టి, ధూపం వేసి, వేలు పట్టి బియ్యంలో ఆ దేవుడి పేరు దిద్దించేవారు. మర్నాటి నుంచి బడి. పొద్దున ఆరింటికే మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్నా. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కో దెబ్బ పెరుగుతూ పోయేది. ఆలస్యంగా వచ్చేవాడికి అంకెలు వేరే నేర్పాల్సిన పని లేదు.

చదువు మొదలు ఇసుకలో. వేలితో అక్షరాలు దిద్ది, చెరిపి, మళ్లీ దిద్దాలి. చేయి తిరిగాక మసి పూసిన పలకల మీద, బట్టతో చేసిన కడితాల మీద బలపంతో రాత. ఆ పైన తాటాకు, గంటం. గుణింతాలు, ఎక్కాలు బడంతా ఒక్క గొంతుతో వల్లె వేయాలి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పాలి. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం మెచ్చదగ్గవనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించిందంటే అందుకు తగ్గ విలువ దీనికి ఉందనీ క్యాంప్‌బెల్ రాశాడు.

ఆ అనుకరణ నిజంగా జరిగిందే. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, దారిన పోతూ ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అదే పెట్టించాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని చిన్న పిల్లల తరగతికి గురువును చేశాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చు వేస్తే, అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండులో చాలా బడులకు పాకింది.

అయితే ఈ మెప్పు చదివి వీధి బడిని స్వర్ణయుగం చేయనక్కరలేదు. క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం తొమ్మిది లక్షలు దాటిన జనాభాకు బడులు 533, చదివేవాళ్లు 6,641 మంది. అందులో ఆడపిల్లలు కేవలం 60 మంది. మేడ్చల్ తాలూకా సంగతి అంతకంటే మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. 1901 జనగణన నాటికి హైదరాబాదు సంస్థానం మొత్తంలో చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి సుమారు ముగ్గురు. అంటే పల్లెలో ఉత్తరం వస్తే చదివి పెట్టేందుకు మనిషిని వెతుక్కోవాలి. పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి 1832లో మద్రాసులో రాసిన బాలశిక్ష పెద్ద బాలశిక్షగా పెరిగి తెలుగు దేశమంతా తిరిగింది. కానీ అది అందేది చదువుకునే కులాల ఇళ్ల పిల్లలకే.

శుక్రవారం సెలవు

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నిజాం సర్కారు బడుల్లో సంవత్సరం ఫసలీ. ఆజూర్, దై, బహమన్ అని నెలల పేర్లు. వారానికి సెలవు శుక్రవారం. ప్రాథమిక బడి పేరు తహతానియా, మాధ్యమిక బడి వస్తానియా, ఉన్నత పాఠశాల ఫౌఖానియా. కాగితం మీద తహతానియాలో మాతృభాషకు చోటుంది. పై తరగతులకు పోయేకొద్దీ ఉర్దూ తప్ప దారి లేదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో వైద్యం, ఇంజనీరింగు చెప్పి దేశభాషలో పెద్ద చదువు సాధ్యమేనని రుజువు చేసింది. కానీ జనంలో అధిక భాగం మాట్లాడే తెలుగుకు ఆ భాగ్యం పట్టలేదు. జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి అంతటివాడు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివాడు.

సర్కారు బడులు చాలక, ఊళ్లలో జనమే చందాలు వేసుకుని ఖాన్గీ బడులు పెట్టుకున్నారు. వాటికి ముందస్తు అనుమతి ఉండాలని 1920లలో సర్కారు నిబంధనలు తెచ్చింది. ఆ నిబంధనల మీద కోపం ఆంధ్ర మహాసభ తీర్మానాల్లో పదే పదే వినిపించింది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరిగినప్పటి నుంచి తెలుగులో చదువు, బడులకు స్వేచ్ఛ అన్నవి దాని ముఖ్యమైన కోరికలు. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నిలబెట్టారు. అంతకు ముందే, 1910లో, భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. అంటరాని పిల్లలను ఊరి బడి అరుగు ఎక్కనివ్వని రోజుల్లో, వేరే బడి పెట్టుకోవడమే వాళ్లకు దొరికిన జవాబు. ఆ తర్వాత ఏళ్లలో ఆయన నగరంలో అలాంటి బడులు ఒకటొకటిగా పెంచుకుంటూ పోయారు.

ఇవన్నీ పట్నంలో జరిగినవి. మేడ్చల్ రైలెక్కితే ఒక్క పూట దూరం. ఆ పూట దూరం దాటి తెలుగు చదువు ఊళ్లలోకి నడిచి రావడానికి మాత్రం 1948 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

తకిలీ, నయాపైసా, సమితి బడి

హైదరాబాదును భారతదేశంలో కలిపిన ఆ సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత బడి ఒక్కసారిగా తెలుగయింది. పిల్లలకు ఇది పండుగే. ఉర్దూలో చదివి, ఉర్దూలో పాఠం చెప్పడం అలవాటైన సార్లకు మాత్రం పెద్ద పరీక్ష. బోర్డు మీద తెలుగులో రాయడం చాలామందికి కొత్తగా నేర్చుకోవాల్సిన పని అయింది. మరో వైపు, బడులు లేని ఊళ్లలో ఏకోపాధ్యాయ పాఠశాలలు తెరుచుకున్నాయి. చావడిలోనో, గుడి మండపంలోనో, ఎవరో ఇచ్చిన కొట్టంలోనో ఒకే సారు, ఐదు తరగతులు. ఒకటో తరగతి వాళ్లు పలక మీద దిద్దుతుంటే, మూడో తరగతి వాళ్లు ఎక్కాలు అప్పజెప్పాలి, అయిదో తరగతి వాడు రెండో తరగతికి చదివి వినిపించాలి. ఆండ్రూ బెల్ మెచ్చిన పద్ధతి ఇక్కడ సిద్ధాంతంగా రాలేదు. మరో సారు లేకపోవడం వల్ల కొనసాగింది.

గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన మూల విద్య, అంటే బేసిక్ విద్య, ఈ కాలంలో పల్లె బడికి తకిలీని తెచ్చింది. చేతి పని ద్వారా చదువు చెప్పాలన్నది ఆ ఆలోచన. నూలు వడకడం, బడి తోటలో మడులు కట్టడం, బడి ఊడ్చడం టైంటేబుల్లో చేరాయి. ప్రాథమిక టీచర్ల హోదా పేరులో కూడా బేసిక్ శిక్షణ చాలా ఏళ్లు నిలిచిపోయింది, ఎస్.జి.బి.టి. అన్న పొడి అక్షరాలను పాత సార్లు ఇప్పటికీ మరచిపోలేదు. తకిలీ మాత్రం త్వరగానే అటకెక్కింది. కొడుకు నూలు వడకడం నేర్చుకునేందుకు బడికి పంపలేదని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. ఆ పనులు వాళ్లకు ఇంటి దగ్గర ఉండనే ఉన్నాయి.

అదే సమయంలో లెక్కల పాఠం అడుగు నుంచి పైదాకా మారిపోయింది. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలుగా విడిపోయింది. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. పావు, అర, ముప్పాతిక ఎక్కాలు నోటికి రాకపోతే సంతలో మోసపోవడమే. దాని వెనకే మెట్రిక్ తూకాలు వచ్చాయి. 1958లో మొదలై 1962 నాటికి సేరు, వీసె, మణుగు చట్టం నుంచి తప్పుకుని కిలో, గ్రాము కూర్చున్నాయి. బడిలో కిలో, ఇంట్లో సోల, అడ్డ, తవ్వ, మానిక. పిల్లలు బడిలో దశాంశం నేర్చుకుని, సాయంత్రం దుకాణంలో నానమ్మ కోసం దాన్ని మళ్లీ అణాల్లోకి తిప్పి చెప్పేవారు. ఆ తరం పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లకంటే ఎక్కువ తెలిసిన మొదటి విషయం బహుశా ఇదే.

1959 నవంబరులో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక ప్రాథమిక బడులు వాటి చేతికి వచ్చాయి. జనం నోట అది సమితి బడి. 1985లో మండలాలు, ఆ వెంటనే మండల ప్రజా పరిషత్తులు వచ్చాక గోడ మీద పేరు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో పాత సర్కారు బడి ఏదని అడిగితే చాలాచోట్ల చూపించేది ఆ బోర్డునే.

ఆకాశం నుంచి వచ్చిన పాఠం

1975 ఆగస్టు 1న దేశంలో ఒక వింత ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు భారతదేశానికి అరువిచ్చింది. ఇస్రో ఆ ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపింది. దాని పేరు సైట్. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఎంచుకున్న జిల్లాల్లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు ఉన్నాయి. మేడ్చల్ అప్పటికి హైదరాబాదు జిల్లాలోనే ఉంది.

పొద్దున గంటన్నర బడి పిల్లలకు. నాలుగు భాషలకు సమానంగా పంచితే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఆ కాసేపు తెర ముందు కూర్చోవాలి. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకు సేద్యం, ఆరోగ్యం. బడి మీద పెట్టిన యాంటెనా పది అడుగుల వెడల్పున, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేసింది. టీవీ పెట్టెలను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. ఆ కర్మాగారం ఉన్న కుషాయిగూడ ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోదే. పట్నంలో సైతం ఇంటింటా టీవీ లేని కాలంలో, కరెంటు ఉన్న ఏ పల్లె బడికో ఆ పెట్టె వస్తే ఊరంతా అక్కడే గుమిగూడేది.

ఈ పాఠాల ఉద్దేశం పరీక్షకు సిద్ధం చేయడం కాదు. చుట్టూ ఉన్న వాటిని గమనించమని, చేతులతో చేసి చూడమని, ప్రశ్న అడగమని చెప్పడం. టీచర్ల కోసం కూడా రేడియో, టీవీ, అచ్చు పాఠాలు, చేసి చూపే పనులు కలిపిన విజ్ఞాన శిక్షణ నడిపారు. 1976 జూలై 31తో ఉపగ్రహం వెనక్కి మళ్లింది. పాఠం ఆగింది.

దారం మీద ఆరేసిన బొమ్మలు

చేసి నేర్చుకోవడం అన్న మాట పల్లె బడిలోకి మళ్లీ, ఈసారి గట్టిగా, 1980లలో వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984 ప్రాంతంలో కొన్ని జిల్లాల్లో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని టీచర్లు అప్పెప్ అని పిలిచేవారు. దానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారు చేసుకోవాలి. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగం చేసి నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతిగా పని చేయాలి. ఒక్కో పిల్లవాడికి ఉండే తేడాను పట్టించుకోవాలి. ఊళ్లో ఉన్న పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించి, గదినే ఆసక్తికరంగా మార్చాలి.

ఆరో సూత్రం గదిలో అడుగుపెట్టగానే కనబడేది. గోడకు ఆ మూల నుంచి ఈ మూలకు రెండు దారాలు. వాటికి బట్టల్లా ఆరేసిన కాగితాలు: ఒకడు గీసిన ఎడ్లబండి, ఒకమ్మాయి అంటించిన వేపాకు, చింతాకు, మరొకరు రాసిన నాలుగు ముక్కల కథ. కింద చింతగింజలు, పుల్లలు, సీసా మూతలు పోసిన డబ్బాలు. సంకలనం నేర్వాలంటే చింతగింజలు పది పది కుప్పలు పెట్టాలి. వరసల్లో కూర్చునే పిల్లలు గుండ్రంగా తిరిగి కూర్చున్నారు. టీచర్లు నెలల వ్యవధిలో టీచర్స్ సెంటరులో కలిసి, తాము చేయించిన కృత్యాలను ఒకరికొకరు చూపించుకునేవారు. మునుపు టీచర్ల సమావేశమంటే జీతాలూ, లెక్కపత్రాలే. పాఠం గురించి మాట్లాడుకోవడం అదో కొత్త.

పరిసరాలను వాడుకోవాలన్న అయిదో సూత్రానికి మేడ్చల్, శామీర్‌పేట పిల్లలకు కొరత లేదు. పెద్ద చెరువుంది, దాని మీద వాలే కొంగలున్నాయి. రైలు స్టేషనుంది. ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా ద్రాక్ష పందిళ్లు. అనాబ్-ఎ-షాహీ గెలలకు హైదరాబాదు చుట్టుపక్కల పెద్ద పేరు. ఎరువు ఎంత, గెల ఎంత, బుట్ట ఎంత అని లెక్క వేయడానికి పుస్తకం తెరవనక్కరలేదు. కోళ్ల ఫారాలు వచ్చాక ట్రేకు ముప్పై గుడ్లు అన్నది ముప్పైయో ఎక్కమైంది.

అడ్డంకులూ ఉన్నాయి. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచరు ఉన్నచోట జట్టు పని అంటే గోల. ఆ కొరత తీర్చడానికి కేంద్రం 1987-88లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు తెచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ వానకు తడవని రెండు గదులు, ఒకరైనా మహిళ ఉండేలా ఇద్దరు టీచర్లు, గ్లోబు, పటాలు, ఆట వస్తువులు, సైన్సు పెట్టె ఇవ్వాలన్నది సంకల్పం. గ్లోబు చాలా బడులకు వచ్చింది. అది పాడవుతుందన్న భయంతో బీరువాలో దాచిన బడులూ తక్కువేం కాదు.

బడి బయట మిగిలినవాళ్లు

ఇంత చేసినా, గది బయట పిల్లలు మిగిలే ఉన్నారు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ ఈ ప్రశ్నను పట్టుకుంది. ఆచార్య శాంతా సిన్హా నడిపించిన ఆ సంస్థ వాదన సూటిగా ఉంటుంది: బడిలో లేని ప్రతి బిడ్డా పనిలో ఉన్నట్టే లెక్క. పశువుల వెంట, పత్తి చేలో, చెల్లెలిని ఎత్తుకుని ఇంట్లో ఉన్నా పనే. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది కాబట్టి, ముందు కొన్ని నెలలు శిబిరంలో పెట్టి, ఈడుకు తగ్గ తరగతికి నేరుగా చేర్చే పద్ధతిని వాళ్లు జిల్లాలో నడిపి చూపారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఈడుకు తగ్గ తరగతి అన్న మాట 2009 విద్యాహక్కు చట్టంలోకీ ఎక్కింది.

బడికి రప్పించిన రెండో శక్తి అన్నం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడిలోనే వండి వడ్డించడం మొదలైంది. 2015 జనవరి నుంచి తెలంగాణలో అది సన్నబియ్యమైంది. మధ్యాహ్నం గంట కొట్టగానే అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని ఒకే కుండలోది తినడం, వీధి బడి అరుగు ఎరగని పాఠం. దానికి మార్కులు లేవు. విలువ మాత్రం ఎక్కాలకేమీ తీసిపోదు.

2011 జనగణన లెక్కలను కొత్త జిల్లా హద్దులకు సర్ది చూస్తే మేడ్చల్-మల్కాజిగిరిలో అక్షరాస్యత 82 శాతం పైన. రాష్ట్రంలో హైదరాబాదు తర్వాతి స్థానం. నూటికి ముగ్గురున్న చోటు నుంచి నూట పదేళ్లలో వచ్చిన దూరం అది.

మళ్లీ తెర ముందు

1999 తర్వాత శామీర్‌పేట రూపం మారింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ ప్రాంగణం వచ్చాయి. ద్రాక్ష పందిళ్ల చోట ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. 2020 మార్చి మధ్యలో కరోనా వల్ల మూతపడిన ప్రాథమిక బడులు 2021 సెప్టెంబరు 1న గానీ తెరుచుకోలేదు. ఆ మధ్యకాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, మూడో తరగతి మొదలు పై పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు నడిపారు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఆ తెర కూడా లేదు. అక్షరం పట్టుబడాల్సిన ఈడు అలాగే గడిచిపోయింది. ఆ రోజుల్లోనే ఇదే ప్రాంతంలో, జీనోమ్ వ్యాలీలో, కొవాగ్జిన్ టీకా తయారైంది. దేశమంతటికీ టీకా పంపిన ఊళ్లలో, ఫోనో టీవీయో లేని ఇంటి పిల్లలు ఏడాదిన్నర చదువు పోగొట్టుకున్నారు.

ఆ గండి పూడ్చడానికి 2022 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం తొలిమెట్టు తెచ్చింది. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు ధారాళంగా చదవడం, తప్పులేకుండా రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలన్నదే లక్ష్యం. అదే విద్యాసంవత్సరంలో సర్కారు బడి ఇంగ్లిషు మాధ్యమంలోకి మారింది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. వందేళ్లలో ఇది మూడో భాష: ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు. మొదటి రెండు మార్పులు రాజ్యం మారడం వల్ల వచ్చాయి. మూడోది తల్లిదండ్రులు పట్టుబట్టి తెప్పించుకున్నది. ఇంగ్లిషు కోసం వాళ్లు పిల్లలను పసుపు బస్సెక్కించి ప్రైవేటు బడులకు పంపుతుంటే, సర్కారు బడి ఖాళీ అవుతూ వచ్చింది మరి.

ఇప్పుడు ఏడాది ఇలా సాగుతుంది. జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తారు, బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. వానలు పడగానే మొక్కలు నాటడం. ఆగస్టులో జెండా పండుగ, దసరా సెలవుల ముందు బడి ఆవరణలో బతుకమ్మ. నవంబరు 14న బాలల దినోత్సవం. మరో రోజు స్వయంపాలన దినం: అయిదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని టీచరవుతుంది, ఒకడు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుంటాడు, పిల్లలు పిల్లలకు పాఠం చెబుతారు. క్యాంప్‌బెల్ చూసింది రోజువారీ పద్ధతి. ఇప్పుడది ఏటా ఒక్క రోజు వేడుక. మధ్యలో నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక పరీక్షలు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అన్నిటికీ మార్కులున్నాయి. ఏప్రిల్ చివర వేసవి సెలవులు.

గదిలో కూర్చున్న పిల్లలూ మారారు. జిల్లా జనాభాలో పదింట తొమ్మిది పాళ్లు పట్టణవాసులు. పాత ఊరి రైతుల బిడ్డలు చాలామంది ప్రైవేటు బడిలో ఉన్నారు. సర్కారు బడిలో భవన నిర్మాణానికీ, ఫ్యాక్టరీలకూ, ఇటుక బట్టీలకూ వలస వచ్చినవాళ్ల పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్లలో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లున్నారు, హిందీ మాట్లాడేవాళ్లున్నారు. పుస్తకంలోని రెండు పేజీల్లో ఏదీ వాళ్ల ఇంటి భాష కాదు. ఉర్దూ రోజుల్లో తెలుగు పిల్లవాడు పడ్డ ఇబ్బందిని ఇప్పుడు ఈ పిల్లలు పడుతున్నారు. నగర శివార్లలో బట్టీల దగ్గర ఒడియాలో చదువు చెప్పే తాత్కాలిక బడులు నడిపి చూశారు కానీ, బట్టీ కాలం ముగిస్తే ఆ బడీ ముగిసినట్టే.

ఈ రెండు వందల ఏళ్లలో కొత్త పద్ధతి పేరుతో వచ్చిన వాటిలో చాలా మటుకు పాతవే. వేలితో దిద్దడం, గింజలతో లెక్కపెట్టడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం ఏ పథకమూ కనిపెట్టినవి కావు. నిజంగా మారినవి రెండు: బడిలోకి ఎవరు రావచ్చు, లోపల ఏ భాష నడుస్తుంది అన్నవి. మొదటి విషయంలో మేడ్చల్, శామీర్‌పేట గెలిచాయనే చెప్పాలి. రెండో దాంట్లో ప్రతి తరంలోనూ ఎవరో ఒకరి బిడ్డ ఇంటి మాటను గడప దగ్గర విడిచి లోపలికి రావాల్సి వస్తోంది. తొలిమెట్టు లెక్కలు రాసేవారు ఆ పిల్లలను వెనకబడ్డవాళ్ల పట్టీలో వేసే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇక ఊరివాళ్లకు ఒక మాట. పాత సర్కారు బడుల ప్రవేశ రిజిస్టర్లు ఊరి చరిత్రకు పెద్ద ఆధారం. ఎవరి బిడ్డ ఏ ఏడు చేరాడు, ఏ కులం ఎప్పుడు లోపలికి వచ్చింది, మొదటి ఆడపిల్ల పేరు ఏ వరసలో పడింది అన్నవి వాటిలో తెలుస్తాయి. మీ ఊరి బడిలో అలాంటి రిజిస్టరు బీరువాలో ఉంటే, చెదలు పట్టకముందే హెడ్మాస్టరును అడిగి, పేజీలు ఫోటో తీయించి భద్రపరచండి. ఏదో ఒక ప్రాజెక్టు పని ఎలాగూ చేయించాలి కాబట్టి, అయిదో తరగతి పిల్లల చేత తాతమ్మలను, నానమ్మలను అడిగించి తమ బడి చరిత్ర రాయించమని టీచర్లకు విన్నపం.